చిన్న బోర్డుతో పెద్ద పనులు, 3వ భాగం: ఇంట్లో అన్ని ఫోన్లకీ ఒకేసారి యాడ్స్ ఆపడం

పోయిన భాగంలో మెమరీ కార్డులోకి ఓఎస్ ఎక్కించి, మానిటర్ లేకుండానే ఎస్ఎస్‌హెచ్‌తో (వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) బోర్డులోకి లాగిన్ అయ్యాం కదా, అక్కడిదాకా రానివాళ్లు అది అయ్యాకే ఇది చదవండి. ఈసారి ఇంటి నెట్ మొత్తానికీ యాడ్స్ ఆపే పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ పెడదాం. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు చాలు, దాన్లో ఉన్న 512 ఎంబీ ర్యామ్ సరిపోతుంది, దీని కోసమే పెద్ద బోర్డు కొనడం దండగ అంటాను నేను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఫోన్లో పేజీ తెరవగానే, అందులో యాడ్ పంపే సర్వర్ పేరుకి ఐపీ అడ్రస్ (నెట్‌లో దాన్ని చేరే నంబర్) ఏంటని ఫోన్ డీఎన్ఎస్‌ని, అంటే పేరు చెప్తే నంబర్ చెప్పే సర్వర్‌ని, అడుగుతుంది. ఆ అడిగేదేదో మన బోర్డునే అడిగేలా చేస్తాం, అంతే. ఆ పేరు బ్లాక్‌లిస్టులో ఉంటే బోర్డు 0.0.0.0 అని చెప్తుంది, అది ఎక్కడికీ పోని అడ్రస్, కాబట్టి యాడ్ అసలు డౌన్‌లోడే అవ్వదు. లిస్టులో లేకపోతే బయటి డీఎన్ఎస్‌ని అడిగి జవాబు తెచ్చిస్తుంది. మీరు చూసే వీడియోల డేటా బోర్డు గుండా పోదు, పేర్ల సంగతి వరకే దాని పని, అందుకే ఇంత చిన్నది కూడా ఇల్లంతటికీ సరిపోతుంది.

ఇన్‌స్టాల్ చేసేముందు రౌటర్లో డీహెచ్‌సీపీ (డివైజులకి ఐపీ, డీఎన్ఎస్ అడ్రస్‌లు పంచే పద్ధతి) రిజర్వేషన్ అనే చోట బోర్డుకి ఒక ఐపీ ఫిక్స్ చేయండి, 192.168.1.10 అనుకుందాం (మీ రౌటర్ వాడే నంబర్లని బట్టి మార్చుకోండి). ఇది వదిలేస్తే ఏదో ఒకరోజు బోర్డుకి వేరే ఐపీ వచ్చి ఇంట్లో అందరికీ నెట్ ఆగిపోతుంది, ఇక తిట్లన్నీ మీకే. తర్వాత పై-హోల్ సైట్లో ఉన్న ఒక్క లైన్ కమాండ్ కాపీ చేసి ఎస్ఎస్‌హెచ్ విండోలో పేస్ట్ చేయండి, అడిగినవాటికి ఓకే కొట్టుకుంటూ పోవచ్చు, చివర్లో చూపించే అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం రాసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు మెలిక. రౌటర్ డీహెచ్‌సీపీ సెట్టింగ్స్‌లో ప్రైమరీ డీఎన్ఎస్ దగ్గర 192.168.1.10 ఇస్తారు, పక్కన సెకండరీ అని ఖాళీ కనబడగానే సేఫ్టీకి ఉంటుందిలే అని 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్) కొట్టేస్తారు చాలామంది. మొదటిది చచ్చిపోతేనే రెండోదాన్ని అడుగుతాయి అనుకుంటాం గానీ చాలా డివైజులు రెంటిలో దేన్నైనా అడిగేస్తాయి, దాంతో యాడ్స్ కాసేపు రావు, కాసేపు వస్తాయి, తప్పు ఎక్కడుందో అర్థంకాక జుట్టు పీక్కోవాలి. ఖాళీగా వదిలేయండి, రౌటర్ ఒప్పుకోకపోతే అక్కడ కూడా బోర్డు ఐపీనే ఇవ్వండి. అయినా యాడ్స్ వస్తుంటే ఫోన్లో ప్రైవేట్ డీఎన్ఎస్, బ్రౌజర్లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి (ఉంటే బోర్డుని దాటేసి బయటి డీఎన్ఎస్‌ని అడిగేయొచ్చు), రౌటర్ ఐపీవీ6లో (కొత్త రకం ఐపీ అడ్రస్‌లు) తన సొంత డీఎన్ఎస్ పంచుతోందేమో కూడా.

యూట్యూబ్ యాడ్స్ మాత్రం దీంతో పోవు, వీడియో వచ్చే సర్వర్ల నుంచే యాడ్ కూడా వస్తుంది కాబట్టి పేరు చూసి విడదీయడం కుదరదు.

ఇంకోటి, బోర్డు ఆపాలంటే ప్లగ్ పీకేయొద్దు, షట్‌డౌన్ కమాండ్ ఇచ్చి లైట్ ఆరాక తీయండి, రాస్తుండగా కరెంట్ పోతే కార్డులో ఫైల్స్ పాడయ్యే ప్రమాదం ఉంది.

హోంవర్క్: రేపు పొద్దున అడ్మిన్ పేజీలో క్వెరీ లాగ్ తెరిచి, మీరు నిద్రపోయిన టైంలో ఏ డివైజ్ ఎవరిని అడిగిందో చూడండి, స్మార్ట్ టీవీ ఉంటే ముందు దాని సంగతే చూడండి. బ్లాక్ అవ్వడం వల్ల ఏదైనా యాప్ పనిచేయకపోతే ఆ పేరుని అక్కడే అలో చేసేయొచ్చు. వచ్చే భాగంలో ఇదే బోర్డుకి టెంపరేచర్ సెన్సర్ తగిలిద్దాం, మూడు జంపర్ వైర్లు రెడీగా పెట్టుకోండి.