మిగిలిన ప్రింటర్ ఇంకుతో మరకపడ్డ పట్టు జాకెట్టుకు రంగు

మా జిరాక్స్ షాపులో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ పోయిన ఏడాది మూలన పడింది. కొత్తదానికి వేరే రకం ఇంకు కావాలి. పాత సీసాలు నాలుగూ సగం సగం మిగిలిపోయాయి. పారబోయడానికి చెయ్యి రాలేదు. అదే నెలలో ఒక పెళ్లి భోజనాల్లో నా గంధం రంగు పట్టు జాకెట్టు మీద గుత్తొంకాయ కూర పడింది.

మాది ధర్మవరం. షాపు వెనక వీధిలోనే పట్టు నూలుకు రంగులద్దే మామ ఉన్నాడు. ఇంకు సంగతి చెబితే నవ్వాడు. "పత్తికి ఉప్పు, పట్టుకు పులుపు. అది గుర్తుపెట్టుకొని చెయ్యమ్మా" అన్నాడు. నేను గుర్తుపెట్టుకోలేదు. ముందు మా ఆయన కాటన్ చొక్కా మీద ప్రయోగం చేశాను. నీలం ఇంకు వేడినీళ్లలో కలిపి గంట నానబెడితే రంగు బ్రహ్మాండంగా వచ్చింది. మూడు ఉతుకులయ్యేసరికి వెలిసిపోయింది. పైగా అదే బకెట్లో ఉన్న బనియన్లన్నీ లేత నీలం! ఆయన ఇప్పటికీ అవే వేసుకుంటున్నారు.

ప్రింటర్ రంగుల్లో చాలావరకు నీళ్లలో కరిగేవే. పులుపు, వేడి రెండూ ఉంటే అవి పట్టుకు, ఉన్నికి, నైలాన్‌కు అంటుకుంటాయి. కాటన్ మీద నిలవవు. పాలిస్టర్‌కైతే అంటనే అంటవు. కాబట్టి ఇది పట్టుబట్టకు మాత్రమే చెబుతున్నాను. అందులోనూ జరీ ఉన్నది వద్దు, వెనిగర్‌కు జరీ నల్లబడొచ్చు.

మీ ఇంకు ఏ రకమో ముందు తేల్చుకోండి. కాగితం మీద ఒక గీత గీసి, బాగా ఆరాక తడివేలితో రుద్దండి. చెదిరితే పనికొస్తుంది. చెదరకపోతే అది పిగ్మెంట్ ఇంకు, బట్ట పైపైన కూర్చుంటుంది తప్ప లోపలికి పోదు. మా నల్ల సీసా అలాంటిదే, పక్కన పెట్టేశాను. లేజర్ ప్రింటర్ టోనర్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. అది ప్లాస్టిక్ పొడి, ఎగిరి ముక్కులోకి పోతుంది.

ఇక మరక. నూనె జిడ్డు పోకుండా రంగులో ముంచితే ఆ చోట రంగు ఎక్కదు, మరక ఇంకా బాగా కనబడుతుంది. నేను కుంకుడుకాయ రసంతో రెండుసార్లు మెల్లగా ఉతికాను. జిడ్డు పోయింది, పసుపు మిగిలింది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. అద్దకం మరకను చెరపదు, దాని మీద ఇంకో రంగు వేస్తుందంతే. పసుపు మరక మీద నీలం వేస్తే అక్కడ ఆకుపచ్చ మచ్చ తేలుతుంది. అందుకే పసుపును తనలో కలుపుకునే ముదురు మెరూన్ ఎంచుకున్నాను.

జాకెట్టు ఒక్కదానికి మొత్తం 20 మి.లీ. ఇంకు: మెజెంటా (ముదురు గులాబీ) 12, సయాన్ (నీలం) 5, పసుపు 3. సూది తీసేసిన సిరంజితో కొలిచాను. ముందుగా టైలర్ దగ్గర మిగిలిన అదే గుడ్డ ముక్కను ముంచి చూసుకున్నాను. తడిలో ముదురుగా కనబడి, ఆరాక ఒక మెట్టు తగ్గుతుంది.

వంటకు వాడని పాత స్టీలు గిన్నెలో మూడు లీటర్ల గోరువెచ్చటి నీళ్లు పోసి ఇంకు కలిపాను. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, లేకపోతే వారం రోజులు చేతులు గులాబీ రంగులో ఉంటాయి. జాకెట్టును మామూలు నీళ్లలో తడిపి, పిండి, మడతలు విప్పి దించాలి. పొడిబట్ట వేస్తే మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది. పది నిమిషాలు కలియతిప్పాక బట్టను పక్కకు జరిపి పావు కప్పు తెల్ల వెనిగర్ పోశాను. సన్న సెగ మీద ఆవిరి వచ్చేదాకా వేడెక్కించి, అక్కడే నలభై నిమిషాలు ఉంచాను. తెర్లనివ్వకూడదు, పట్టు మెరుపు పోతుంది. కర్రతో తిప్పుతూనే ఉండాలి. మొదట్లో అంతా గులాబీగా కనబడి టెన్షన్ పడ్డాను. నీలం నిదానంగా ఎక్కింది. చివరికి గిన్నెలో నీళ్లు లేతబడ్డాయంటే రంగు బట్టలోకి పోయినట్టు. అదే గిన్నెలో చల్లారనిచ్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి నీడలో ఆరేశాను.

మరక ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. కానీ లోపలి కాటన్ లైనింగ్ వెలిసిన గులాబీ అయింది. కుట్లేమో పాలిస్టర్ దారం కదా, గంధం రంగులోనే ఉండిపోయాయి. మామ ఆ కుట్లు చూసి "ఇది మాత్రం కావాలని చేసినట్టుందే" అన్నాడు.

ఉతికితే విడిగా, చన్నీళ్లలోనే. చెమటకు కొంచెం రంగు దిగుతుంది, అందుకే దాని మీదికి తెల్ల చీర కట్టను.