పాత చర్చి రిజిస్టర్‌లో తాత పేరు వెతకాలంటే

ముందు మీ వాళ్లది ఏ మిషనో తేల్చుకోండి, చర్చికి పోవడం ఆ తర్వాత. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘాలు. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. మహబూబ్‌నగర్ 1937లో బాప్టిస్టుల చేతి నుంచి మెన్నొనైట్ బ్రెదరెన్‌కు మారింది. అందుకే ఒకే ఊరి కాగితాలు రెండు చోట్ల ఉంటాయి. మీ వాళ్లు ప్రెస్బిటేరియన్లయితే దారి వేరు: వాళ్లు 1908లో కాంగ్రిగేషనల్ సంఘాలతో, 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టులతో కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) అయ్యారు.

ఇదంతా ఎందుకంటే, బాప్టిస్టులు, మెన్నొనైట్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. రిజిస్టర్‌లో 1931 అని ఉంటే తాత ఆ ఏడు పుట్టాడనుకోకండి, అప్పటికి పెళ్లై ఇద్దరు పిల్లలున్నా ఉండొచ్చు. ప్రెస్బిటేరియన్, సీఎస్‌ఐ సంఘాల్లో పసివాళ్లకూ ఇస్తారు కాబట్టి పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు దొరికే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క తేడా తెలియక మా చిన్నాన్న వంశవృక్షంలో ఒక తరాన్నే పదిహేనేళ్లు ముందుకు జరిపేశాడు.

అయ్యగారి (పాస్టరు) దగ్గరికి ఆదివారం పోకండి, ఆయనకు ఊపిరాడదు. మధ్యలో ఏదో ఒకరోజు, సంఘ పెద్దల్లో ఒకరిని వెంటబెట్టుకొని వెళ్లండి. ఎందుకు చూడాలనుకుంటున్నారో ముందే చెప్పేయండి. కుల సర్టిఫికెట్ల గొడవ వల్ల రిజిస్టర్ అడిగితే చాలా చోట్ల జంకుతారు, ఆ జంకులో న్యాయం ఉంది. ఎస్సీల జాబితాపై 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు ఎస్సీ కిందికి రారు కదా, పాత పుస్తకంలోని ఒక్క లైను ఇవాళ ఎవరి ఉద్యోగం మీదికైనా రావచ్చు. కాబట్టి బతికున్నవాళ్ల పేర్లున్న పేజీలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

పేరును తెలుగులో, ఇంగ్లిషులో, ఎన్ని స్పెల్లింగులు తోస్తే అన్నింటితో వెతకండి. బాప్తిస్మంలో పేరు మారి ఉండొచ్చు, ఇంటిపేరు అసలే ఉండకపోవచ్చు. తండ్రి పేరు, ఊరు పట్టుకొని పోవడమే మేలు. చర్చి స్థలం కాగితాలు నిజాం కాలపువైతే ఉర్దూలో, ఫసలీ సంవత్సరంలో (నిజాం సర్కారు రెవెన్యూ లెక్కల ఏడాది) ఉంటాయి. 590 కలిపితే ఆ ఫసలీ ఏడు ఏ అక్టోబరులో మొదలైందో తెలుస్తుంది. ఉదాహరణకు 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా, పోలీసు యాక్షన్ ఆ ఏడే.

అసలు సరుకు మాత్రం రిజిస్టర్ చివరి కాలమ్‌లో, సంఘ సమావేశాల సంగతులు రాసే మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. దేవరకొండ వైపు ఒక చర్చిలో మా నాయనమ్మ పేరు పక్కన ఎర్ర సిరాతో "వెలివేయబడెను" అని ఉంది, దాని కింద వేరే చేతిరాతతో "తిరిగి చేర్చుకొనబడెను". మినిట్స్ పుస్తకంలో అదే నెల తీస్తే సంగతి తెలిసింది: కల్లు తాగే పెళ్లికి పోయిందట! ఇంట్లో ఎవరూ ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

ఫోటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ పక్క వెలుతురు చాలు. మొదట అట్ట, ఆ తర్వాత ఒక్క పేజీ వదలకుండా వరుసగా, ఖాళీ పేజీలు కూడా. వేలు తడి చేసుకొని తిప్పకండి, పెన్ను జేబులోనే ఉండనివ్వండి, రాసుకోవడానికి పెన్సిలు చాలు. సిరా వెలిసి గోధుమరంగులోకి పోయినచోట ఫోటోను నలుపు తెలుపు చేసి కాంట్రాస్ట్ పెంచితే అక్షరాలు తేలతాయి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి. నేను చూసిన ఆ రిజిస్టర్‌లో ఎవరో మంచి మనసుతోనే వేశారు, ఇప్పుడు ఆ టేపు కింద జిగురు పసుపుపచ్చగా మారి ఏడెనిమిది పేర్లు పోయాయి. లామినేషన్ దానికంటే ఘోరం, ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయలేం.

ఊళ్లో దొరక్కపోతే మిషన్ల ఆర్కైవ్‌లు అమెరికాలో ఉన్నాయి: బాప్టిస్టులది అట్లాంటాలో, మెన్నొనైట్ బ్రెదరెన్‌ది ఫ్రెస్నోలో, అమెరికా ప్రెస్బిటేరియన్లది ఫిలడెల్ఫియాలో. ఈమెయిల్ పెట్టేటప్పుడు మిషన్ స్టేషన్ పేరు, సుమారు సంవత్సరం, మిషనరీ పేరు తెలిస్తే అదీ రాయండి. "మా తాత గురించి చెప్పండి" అని రాస్తే వాళ్లు మాత్రం ఏం వెతుకుతారు?

ఫోటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి అయ్యగారికి ఇచ్చేయండి, పుస్తకాన్ని ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డలో చుట్టి గోడకు ఆనకుండా, చెద పట్టని ఎత్తులో పెట్టించండి.