ఫ్రీ జాజ్ కచేరీని లైవ్ ఆల్బమ్‌గా రికార్డు చేయడం ఎలా?

ఫ్రీ జాజ్ అంటే నిర్ణీత స్వరక్రమం, తాళం కట్టుబాట్లు లేకుండా అప్పటికప్పుడు వాయించే జాజ్. అలాంటి బృందం దగ్గర ఏ వాద్యానికా వాద్యం విడిగా పట్టాలని చూడకండి. శాక్సోఫోన్ మైకులో డ్రమ్స్ పడతాయి, బేస్ మైకులో అందరూ పడతారు. దాన్ని ఆపలేం, వినసొంపుగా పడేలా మాత్రం చూసుకోగలం. అందుకే ముందు స్టీరియో జత (బృందమంతటినీ ఎడమ, కుడిగా పట్టే రెండు మైకులు), తర్వాతే ఒక్కో వాద్యానికి దగ్గరి మైకులు.

రెండు కార్డియాయిడ్ మైకుల (ముఖ్యంగా ముందు నుంచి వచ్చే ధ్వనిని పట్టేవి) మధ్య 17 సెం.మీ., కోణం 110 డిగ్రీలు. బృందానికి రెండు మూడు మీటర్ల ముందు, తలలకన్నా ఎత్తులో పెట్టండి. ఈ రెండు ట్రాకులే వింటే ఎవరెక్కడ నిలబడ్డారో తెలియాలి. తెలియకపోతే మైకుల్ని కాదు, మనుషుల్ని జరపండి: డ్రమ్స్ వెనక్కి, బేస్ ముందుకు.

శాక్సోఫోన్‌కు మైకును బెల్‌లోకి (గొట్టం చివరి వెడల్పాటి నోరు) దూర్చడం మామూలుగా జరిగే పొరపాటు. ధ్వని తెరిచి ఉన్న రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది. బెల్‌లోంచి జోరుగా వచ్చేవి మంద్రస్వరాలే. అక్కడ మైకు పెడితే అవి బొంయిమంటాయి, మిగతావి పీలగా పడతాయి. టెనర్ శాక్సోఫోన్‌కైతే 40-50 సెం.మీ. దూరం నుంచి, ఎడమచేతి వేళ్లకూ బెల్ అంచుకూ నడుమ గురిపెట్టండి. ఊగుతూ వాయించేవాళ్లతో ఈ దూరం మరీ అవసరం. సొప్రానో శాక్సోఫోన్ తిన్నగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి, మధ్య కీల వైపు. ఓవర్‌బ్లోయింగ్ (గట్టిగా ఊది పై స్వరాలు పలికించడం) కీచుదనాన్ని రిబ్బన్ మైకు (సన్నటి లోహపు పట్టీతో పనిచేసేది) బాగా మెత్తబరుస్తుంది. అది ముందూ వెనకా వింటుంది, పక్కలకు వినదు. ఆ పక్కనే డ్రమ్స్‌కు తిప్పండి.

డబుల్ బేస్‌కు బ్రిడ్జికి (తీగల్ని మోసే చెక్క) 20 సెం.మీ. దూరంలో మైకు, తోడుగా పికప్ (వాద్యానికే బిగించిన సెన్సర్) లైను. రెండూ కలిపి వింటూ ఒకదాని పొలారిటీ (తరంగం ప్లస్, మైనస్) తిప్పి చూడండి, మంద్రం నిండుగా వినిపించేదే ఉంచండి.

సౌండ్ చెక్‌లో ఎవరూ పూర్తి జోరు చూపించరు. అందరినీ ఒకేసారి అరనిమిషం విరుచుకుపడమని అడగండి. అప్పటి పీక్‌లు (అత్యధిక స్థాయిలు) మీటర్‌లో మైనస్ 18 డెసిబెల్స్ (సున్నా అంటే గరిష్ఠం) దగ్గర ఆగేలా గెయిన్ (రికార్డరులో మైకు స్థాయి) పెట్టి, ఇక ముట్టుకోకండి. 24 బిట్‌లో నెమ్మది భాగాలకు దీనివల్ల నష్టం లేదు. రికార్డరులో స్థాయి మితిమీరినా తర్వాత సరిదిద్దుకోనిచ్చే 32 బిట్ ఫ్లోట్ ఉందన్న ధీమా వద్దు. మైకులోనే ధ్వని పగిలితే అది ఏమీ చేయలేదు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో 8 ట్రాకులు ఒకే ఫైలుగా రాస్తే గంట దాటగానే 4 జీబీ నిండుతుంది. మామూలు వేవ్ (WAV) ఫైలు హద్దు అదే. ఈ సంగీతంలో ఒక్క ముక్కే గంటసేపు ఆగకుండా నడవచ్చు కాబట్టి ట్రాకుకో ఫైలు రాయించండి.

మిక్స్‌లో దగ్గరి మైకుల్ని స్టీరియో జతకు సరిపడా ఆలస్యం చేయండి, 3 మీటర్లకు సుమారు 9 మిల్లీసెకన్లు. స్టీరియోలో ఎవరు నిలబడ్డ చోట వాళ్లను ఉంచండి. 1960లో శాక్సోఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్మన్ తన ‘ఫ్రీ జాజ్’ స్టూడియో రికార్డింగులో ఒక క్వార్టెట్‌ను (నలుగురి బృందం) ఎడమ ఛానెల్‌కూ, రెండోదాన్ని కుడి ఛానెల్‌కూ ఇచ్చారు. ఎనిమిది మంది ఒక్కసారే వాయించినా ఎవరేం చేస్తున్నారో తెలుస్తుంది. పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ జోలికి పోవద్దు: గుసగుసకూ గర్జనకూ తేడా పోతే వినడానికేం మిగలదు.

ఎల్‌పీ (వినైల్ రికార్డు) ఆలోచన ఉంటే కచేరీకి ముందే చెప్పండి. పక్కకు 20-22 నిమిషాలు దాటితే ధ్వని స్థాయి తగ్గించి గాడి చెక్కాల్సి వస్తుంది. ముక్క అంతకన్నా పొడవైతే, వాద్యాలు పలచబడే చోటు చూసి రెండు పక్కలుగా విరవండి.