ప్రేక్షకుల అధ్యయనం, 4వ పాఠం: అదే మనిషిని మళ్లీ అడగాలి

పోయినసారి ఇచ్చిన అభ్యాసం చాలామంది తప్పుగా చేశారు. ఫలానా చానెల్ చూసేవాళ్లు ఎక్కువగా ఫలానా పార్టీ వైపు ఉన్నారు, కాబట్టి చానెలే వాళ్లను అటు తిప్పిందని దాదాపు అందరూ రాశారు. శాంపిల్, అంటే ప్రశ్నలు అడగడానికి మనుషులను, బాగానే ఎంచుకున్నారు, దాని జోలికి వెళ్లను. చిక్కంతా ఆ 'కాబట్టి' దగ్గరే ఉంది.

మా మామయ్యను చూడండి. రాత్రి తొమ్మిదికి రిమోట్ పట్టుకుంటారు. నచ్చని నాయకుడు తెర మీదికి రాగానే బటన్ నొక్కేస్తారు. చివరికి తనకు నచ్చిన మాట వినిపించే చానెల్ దగ్గరే ఆగుతారు. మీరు ఆయన్ని ఒక్కసారి అడిగితే చానెల్ పేరు, పార్టీ పేరు రెండూ చెబుతారు. ఏది ముందో, ఏది తర్వాతో మీ కాగితంలో ఎక్కడుంది? కొట్లాట సినిమాలు చూసే పిల్లాడి విషయమూ అంతే. సినిమాల వల్ల దుడుకు వచ్చిందా, దుడుకు పిల్లలకే అవి నచ్చుతున్నాయా? 'టీవీ ప్రభావం మీ మీద ఉందా?' అని నేరుగా మాత్రం అడగొద్దు. పక్కింటివాళ్ల మీద ఉందంటారు, తమ మీద లేదంటారు.

1940లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఈరీ కౌంటీలో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఏది ముందో, ఏది తర్వాతో తేల్చడానికి దారి చూపింది. అది రూజ్‌వెల్ట్, విల్కీ పోటీ పడిన అధ్యక్ష ఎన్నిక. మే నుంచి నవంబరు దాకా అదే 600 మందిని నెలనెలా కలిశారు. దీన్నే ప్యానెల్ అధ్యయనం అంటాం. పదేపదే అడగడం వల్లే జవాబులు మారుతున్నాయేమోనని తక్కువసార్లు అడిగిన వేరే గుంపులతో పోల్చి చూశారు. రేడియో, పత్రికలు అంత హోరెత్తించినా ఒక పార్టీ నుంచి రెండో పార్టీకి మారినవాళ్లు నూటికి 8 మందే. జనం ఎక్కువగా విన్నది తమ పార్టీ ప్రచారమే. ఆలస్యంగా తేల్చుకున్నవాళ్లు, మనసు మార్చుకున్నవాళ్లు ఇంట్లోవాళ్ల మాటో, స్నేహితుల మాటో ఎక్కువగా చెప్పారు.

నేను ఫోన్‌లో ఫారాలు పంపను, నోట్‌బుక్కే వాడతాను. జవాబు వాళ్ల మాటల్లోనే రాసి, పక్కన తేదీ, ఆ సమయంలో గదిలో ఎవరున్నారో రాస్తాను. అత్తగారు కూర్చుంటే కోడలి జవాబు మారిపోతుంది.

అభ్యాసం: ఐదుగురు, ఆరు వారాలు, వారానికోసారి, అదే ప్రశ్న, అవే మాటలు. జవాబు మారితే, ఆ వారం దాని గురించి ఎవరితో మాట్లాడారో అడగండి. మధ్యలో ఎవరైనా మానేస్తే కొత్తవాళ్లను చేర్చొద్దు, నోట్‌బుక్‌లో వాళ్ల గడి ఖాళీగానే ఉంచండి.