అమెరికాలో అద్దె ఇళ్లు, న్యూసెన్స్ ఆర్డినెన్సులు: గోదావరి జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవారికి సూచనలు

భీమవరం, తణుకు, అమలాపురం, రాజోలు వైపు నుంచి చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లేవారికి వీసా గురించీ, డ్రైవింగ్ లైసెన్సు గురించీ చెప్పేవారు వీధికి ఇద్దరు దొరుకుతారు. దిగబోయే అద్దె ఇంటి మీద అక్కడి మునిసిపాలిటీకి ఎంత అధికారం ఉంటుందో చెప్పేవారు మాత్రం అరుదు. నెలనెలా అద్దె కట్టి, లీజులో రాసినవి పాటిస్తే చాలునని మనవాళ్లు అనుకుంటారు. చాలా నగరాలలో ఆ ఇంటి చిరునామాకు పోలీసులు ఎన్నిసార్లు రావలసి వచ్చిందో కూడా లెక్కలోకి వస్తుందనీ, ఆ లెక్క ఒక హద్దు దాటితే ఇల్లు ఖాళీ చేయవలసిన పరిస్థితి రావచ్చనీ నోటీసు చేతికి అందేదాకా ఎక్కువమందికి తెలియదు.

మన డెల్టాలో ఇరుగుపొరుగు తగాదా మొదట ఊరి పెద్దల దగ్గరకు, అక్కడ తేలకపోతే పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెళుతుంది. ఊరి మురుగుబోదెను పూడ్చినా, నలుగురూ నడిచే పుంతకు అడ్డంగా కంచె వేసినా భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద ఆర్డీవో దానిని తొలగించమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్‌లో ఉన్న అధికారమే ఇది. ఆ అడ్డు తొలగిపోతే వ్యవహారం అంతటితో ముగుస్తుంది. అమెరికన్ నగరాల 'క్రానిక్ న్యూసెన్స్ ప్రాపర్టీ' ఆర్డినెన్సులు, అంటే పదేపదే గొడవలు జరిగే ఇళ్ల మీద నగరాలు చేసుకున్న స్థానిక చట్టాలు, అలా పనిచేయవు. ఫలానా గొడవ సర్దుకుందా లేదా అన్నదానితో పని లేకుండా, ఒకే చిరునామాలో నిర్ణీత గడువులోపల ఎన్ని సంఘటనలు జరిగాయన్నదే వాటికి ముఖ్యం.

ఆ సంఖ్య ఊరూరికీ మారుతుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో 30 రోజులలో మూడు సంఘటనలు జరిగితే నోటీసు పంపవచ్చు. సియాటిల్‌లో 60 రోజులలో మూడు గాని, 12 నెలలలో ఏడు గాని జరిగితే ఆ ఇంటి మీద ఈ 'క్రానిక్ న్యూసెన్స్' ముద్ర వేయవచ్చు. కొట్లాటలు, మాదకద్రవ్యాలు, ఆయుధాలు, జూదం వంటి నేరాలు సాధారణంగా ఈ లెక్కలోకి వస్తాయి. రాత్రిపూట పెద్ద చప్పుళ్లను కూడా చేర్చిన ఊళ్లు చాలా ఉన్నాయి. కోర్టులో నేరం రుజువు కానవసరం లేదు, చాలా ఊళ్లలో పోలీసులు రాసుకున్న నివేదికే చాలు. నోటీసు వెళ్లేది ఇంటి యజమానికి. సమస్యను ఎలా సరిదిద్దుతారో రాతపూర్వకంగా తెలియజేయమని అందులో అడుగుతారు. ఆయన పట్టించుకోకపోతే జరిమానాలు పడవచ్చు, పోలీసులు వచ్చి వెళ్లిన ఖర్చు ఆయన దగ్గర వసూలు చేయవచ్చు, విషయం మరీ ముదిరితే ఆ ఇంటిని కొంతకాలం మూసివేయమని కోర్టును కోరవచ్చు. యజమానికి అన్నింటికన్నా తేలిక దారి అద్దెదారును పంపివేయడం. అందువల్ల తప్పు ఎవరిదైనా భారం ముందుగా పడేది అద్దెకున్నవారి మీదనే, వారికి నోటీసు నకలైనా అందకపోవచ్చు.

ఈ ఆర్డినెన్సులలో అన్నింటికన్నా తీవ్రమైన లోపం గృహహింస విషయంలో బయటపడింది. ఫిలడెల్ఫియాకు దగ్గరలోని నారిస్‌టౌన్‌లో, నాలుగు నెలలలో మూడుసార్లు గొడవల విషయమై పోలీసులు వస్తే యజమాని అద్దె లైసెన్సు రద్దు చేసే నిబంధన ఉండేది. అక్కడ ఒక మహిళ 2012లో తన మాజీ స్నేహితుడి చేతిలో ప్రాణాపాయమైన దాడికి గురైనప్పుడు, మళ్లీ ఫోన్ చేస్తే ఇల్లు పోతుందన్న భయంతో పోలీసులను పిలవలేకపోయింది. ఇరుగుపొరుగువారు పిలిస్తే హెలికాప్టర్‌లో ఆసుపత్రికి చేర్చారు. ఆ తరువాత కూడా ఆమెను ఖాళీ చేయించమని అధికారులు యజమాని మీద ఒత్తిడి తెచ్చారు. 2013లో దావా పడింది. 2014లో ఆ ఊరు 4,95,000 డాలర్లు చెల్లించి రాజీ చేసుకొని, ఆర్డినెన్సును రద్దు చేసింది. మిల్వాకీ నోటీసులను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్తలు దాదాపు మూడో వంతు నోటీసులకు మూలం గృహహింస ఫిర్యాదులేనని గుర్తించారు. అంటే దెబ్బలు తిన్నవారు సాయం అడిగినందుకే వారి ఇంటి మీద న్యూసెన్స్ ముద్ర పడిందన్నమాట.

ఆ తరువాత చట్టాలు కొంత మారాయి. పెన్సిల్వేనియా 2014లోనే బాధితుల ఫోన్లకు రక్షణ కల్పించింది. ఇటువంటి నిబంధనలు వివక్షకు దారితీస్తే ఫెయిర్ హౌసింగ్ చట్టాన్ని ఉల్లంఘించినట్టే కావచ్చునని అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ 2016 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. మహిళలపై హింస నిరోధక చట్టాన్ని 2022లో పునరుద్ధరించినప్పుడు, కేంద్రం నుంచి కొన్ని రకాల అభివృద్ధి నిధులు తీసుకునే స్థానిక ప్రభుత్వాలు తమ ఇంటి నుంచి సాయం కోసం ఫోన్ చేసినవారిని శిక్షించరాదని అందులో చేర్చారు. భర్త ఉద్యోగం మీద ఆధారపడిన వీసాతో వచ్చి, పుట్టింటివారిని నరసాపురంలోనో ముమ్మిడివరంలోనో వదిలి ఉన్న స్త్రీలు ఈ విషయం తప్పక తెలుసుకోవాలి. ఇంట్లో మీ మీద చేయి చేసుకున్నప్పుడు, ప్రాణభయం ఉన్నప్పుడు అత్యవసర సాయం నంబరైన 911కు ఫోన్ చేయడానికి వెనుకాడవద్దు. ఇల్లు పోతుందని యజమాని గాని, పరువు పోతుందని బంధువులు గాని చెప్పినా ఆగవద్దు. పరువు మాట ఎత్తే బంధువులు ఆ రాత్రి మీ పక్కన ఉండరు. పోలీసులను పిలిస్తే జరిమానా అని లీజులో రాసి ఉంటే సంతకం చేసేముందే స్థానిక న్యాయసహాయ సంస్థకు చూపించండి. మిన్నెసోటా వంటి రాష్ట్రాలలో అటువంటి షరతు చెల్లదు.

అత్యవసరం కాని సంగతులకు మాత్రం 911 వాడకూడదు. పై వాటా వారి పాటల చప్పుడు, ఎవరో అడ్డంగా నిలిపిన కారు వంటి వాటికి పోలీసుల అత్యవసరేతర నంబరు ఉంటుంది, పెద్ద నగరాలలో నగర సేవల కోసం 311 అనే నంబరు కూడా ఉంటుంది. దానికన్నా ముందు తలుపు తట్టి నెమ్మదిగా చెప్పి చూడడమే మేలు, మన ఊళ్లో చేసేదీ అదే కదా.

ఇంజినీరింగు కాలేజీ స్నేహితులు ఆరేడుగురు కలిసి ఒకే ఇల్లు తీసుకోవడం మనవారిలో మామూలు. రక్తసంబంధం లేనివారు ఒకే ఇంట్లో ఎంతమంది ఉండవచ్చునో చాలా ఊళ్లలో పరిమితి ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బెల్ టెర్ అనే చిన్న ఊరు ఇద్దరికి మించరాదని పెట్టిన నిబంధనను సుప్రీంకోర్టు 1974లో సమర్థించింది. ఎక్కువమంది ఉన్న ఇల్లు ముందుగా కంటపడేది కార్ల వల్ల, చెత్త డబ్బాల వల్ల. లాను (ఇంటి ముందు గడ్డి) మీద కారు నిలిపితే కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వారు, అంటే ఇళ్ల నిబంధనలు అమలుచేసే నగర సిబ్బంది, వస్తారు, వచ్చాక లోపల ఎందరున్నారని కూడా అడుగుతారు. కాబట్టి లీజులో పేరు లేనివారిని నెలల తరబడి ఉంచుకోవద్దు.

సంక్రాంతి గురించి కొంచెం మొహమాటం లేకుండా చెప్పాలి. కోడిపందెం అమెరికాలోని 50 రాష్ట్రాలలోనూ నేరం. పందెం చూడడానికి వెళ్లడం కూడా కేంద్ర చట్టం ప్రకారం శిక్షార్హమే. భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర ఏటా పోలీసులు హెచ్చరికలు చేయడం, పందేలు సాగిపోవడం చూసి పెరిగినవారు ఇక్కడా అలాగే జరుగుతుందనుకుంటే వీసాకే ముప్పు. ఇంట్లో డబ్బు పెట్టి ఆడే పేకాట మీద రాష్ట్రానికో చట్టం ఉంది, ఇంటివారు ఆటకు కోత తీసుకుంటే అది చాలాచోట్ల నేరమే. దీపావళి మందుగుండు సామగ్రిని మసాచుసెట్స్‌లో సామాన్యులు కాల్చడం పూర్తిగా నిషేధం, తక్కినచోట్ల ముందుగా కనుక్కోవాలి. పెరట్లో ఎండాకులు పోగుచేసి తగలబెట్టడం మన ఊళ్లో శుభ్రం చేసుకోవడమైనా, ఇక్కడ చాలా నగరాలలో దానికి అనుమతి లేదు.

ఇక ఇళ్లు కొని అద్దెకు ఇచ్చే స్థితికి వచ్చినవారికి. మొక్కలు, గడ్డి విరివిగా పెరిగితే మనకు సంతోషం గాని, హ్యూస్టన్‌లో గడ్డి 9 అంగుళాలు, డాలస్‌లో 12 అంగుళాలు దాటితే నోటీసు వస్తుంది. ఫ్లోరిడాలోని డనీడిన్‌లో ఒక ఇంటి యజమాని ఊళ్లో లేనప్పుడు గడ్డి పెరిగితే, రోజుకు 500 డాలర్ల చొప్పున జరిమానా దాదాపు 30,000 డాలర్లకు చేరి, ఇంటినే జప్తు చేయడానికి నగరం 2019లో సిద్ధపడింది. నగరమే మనిషిని పెట్టి కోయించి, ఆ ఖర్చును ఇంటి మీద అప్పుగా నమోదు చేయడం ఇంకా మామూలు. ఆ అప్పు తీరకుండా ఇల్లు అమ్మడం కష్టం. ఇల్లు ఒకచోట, మీ ఉద్యోగం మరొకచోట అయితే కౌంటీ (మన జిల్లా వంటిది) పన్ను రికార్డులలో మీ ఉత్తరాల చిరునామా ఎప్పటికప్పుడు మార్పించుకోండి, ఎందుకంటే నోటీసు అక్కడికే వెళుతుంది, అందలేదన్న సాకు సాధారణంగా నిలవదు. కాలనీ సంఘాలు వేసే జరిమానాలు వేరు, ఇవి వేరు.

నోటీసు వచ్చినప్పుడు అద్దెదారుకైనా యజమానికైనా మొదట చూడవలసింది జవాబుకూ, అప్పీలుకూ ఇచ్చిన గడువు. అది తరచుగా కొద్ది రోజులే ఉంటుంది. ఏ తేదీన ఏ సంఘటన జరిగిందని రాశారో చూసి, ఆ పోలీసు నివేదికల నకళ్లు అడగండి. బాధితులు చేసిన ఫోన్లను గాని, పక్క ఇంటి గొడవను గాని మీ లెక్కలో కలిపి ఉంటే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పండి. యజమాని ఖాళీ చేయమన్నంత మాత్రాన వెంటనే సామాను సర్దుకోనవసరం లేదు. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళాలు మార్చే హక్కు ఆయనకు సాధారణంగా లేదు. అయితే ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించే) కేసు ఒకసారి నమోదైతే తరువాత ఇల్లు అడిగిన ప్రతిచోటా అది కనబడే అవకాశం ఉంటుంది కనుక, కేసు పడకముందే న్యాయసహాయ సంస్థను గాని, దగ్గరలోని లా కాలేజీ ఉచిత న్యాయకేంద్రాన్ని గాని కలవడం మంచిది. ఇంగ్లీషు తడబడితే విచారణకు తెలుగు దుబాసీ కావాలని ముందే కోరవచ్చు. 911కు ఫోన్ చేసినప్పుడు కూడా 'తెలుగు' అని ఒక్క మాట చెబితే, చాలాచోట్ల దుబాసీని ఫోన్‌లోనే కలుపుతారు.