పోర్సెలిన్ టైల్స్‌కి అడెసివ్: ఏ రకం కొనాలి, ఎన్ని బస్తాలు పడుతుంది

మా మేడమీద బాత్రూంలో ఓ రోజు పొద్దున్నే గోడ టైలు ఒకటి ఊడి పడింది. చిత్రమేమిటంటే టైలు వెనకాల ఏమీ అంటుకోలేదు, కడిగిన కంచంలా ఉంది. మేస్త్రి పెట్టిన ఐదు సిమెంట్ ముద్దలూ గోడకే ఉన్నాయి, వాటి మీద టైలు వెనకుండే గళ్లు అచ్చుగుద్దినట్టు దిగి ఉన్నాయి. పక్క టైళ్లను వేలితో కొట్టి చూస్తే సగం గుల్ల. రెండు రోజులు మేస్త్రిని తిట్టుకున్నాను గానీ, తర్వాత అర్థమైంది, ఆయన పాతికేళ్లుగా ఎలా అతికిస్తున్నాడో అలాగే అతికించాడు, మారింది టైలు.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష చేయండి. పాత రకం సిరామిక్ గోడ టైలు వెనక్కి తిప్పి నాలుగు చుక్కల నీళ్లు వేస్తే చూస్తుండగానే పీల్చేసుకుని అక్కడ రంగు ముదురుతుంది. అదే పోర్సెలిన్ టైలు మీద వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా అలాగే నిలబడుతుంది. పోర్సెలిన్, మన షాపుల్లో విట్రిఫైడ్ అనేది కూడా ఈ జాతే, బరువులో అర శాతం మించి నీళ్లు తాగదు. సిమెంట్ పాలు పనిచేసేది టైలు వాటిని లోపలికి పీల్చుకుంటేనే, ఇక్కడ పీల్చుకునే రంధ్రాలే లేవు. అందుకే పాలిమర్ (పట్టునిచ్చే జిగురు పదార్థం) కలిపిన అడెసివ్, అంటే బస్తాల్లో వచ్చే టైల్ జిగురు పొడి, కావాలి, ఇసుక సిమెంట్‌లో సిమెంట్ పాళ్లు పెంచినంత మాత్రాన ఏమీ ఒరగదు.

షాపుకెళ్లి "టైల్ గమ్ము ఇవ్వండి" అంటే చేతికి ఏది దొరికితే అది ఇస్తాడు. బస్తా తిప్పి ఐఎస్ 15477 అన్న నంబరు (టైల్ అడెసివ్‌లకి మన దేశపు ప్రమాణం), దాని పక్కన టైప్ ఎంతో చూడండి. టైప్ 1 లోపలి సిరామిక్ టైల్స్‌కి, పోర్సెలిన్‌కి అది వద్దు, ఎంత చవకగా వచ్చినా వద్దు. ఇంటి లోపల 2x2 అడుగుల వరకు విట్రిఫైడ్‌కి టైప్ 2తో మొదలుపెట్టొచ్చు. 2x4 టైల్స్, బయటి ఎలివేషన్ గోడలు, పాత టైల్స్ తీయకుండా వాటి మీదే కొత్తవి, ఇలాంటి వాటికి టైప్ 3 గానీ ఆ పైది గానీ తీసుకోండి, నా మటుకు 2x4 గోడకి ఎక్కుతోందంటే బేరం ఆడకుండా టైప్ 3కే వెళ్తాను. ఒక్కో 2x4 టైలు 14, 15 కిలోలు ఉంటుంది, అది ఎవరి తల మీదన్నా పడితే మిగిల్చిన వందలు ఏ మూలకి? టైప్ 5 చెక్క, ఇనుము, గాజు లాంటి తేడా ఉపరితలాలకి, మామూలు ఇంట్లో దాని అవసరం రాదు.

కొన్ని బస్తాల మీద సీ2టీఈ అని యూరప్ ప్రమాణపు గుర్తు కూడా ఉంటుంది, గల్ఫ్‌లో టైల్స్ పని చేసొచ్చిన మేస్త్రులు ఈ భాషలోనే మాట్లాడతారు. సీ2 అంటే మామూలు రకమైన సీ1 కంటే పట్టు రెట్టింపు, టీ అంటే గోడ మీద టైలు కిందకి జారదు, ఈ అంటే పూసిన అడెసివ్ పైపొర ఆరిపోకుండా ఇంకాస్త ఎక్కువ సేపు పనికొస్తుంది. ఆ చివరి అక్షరం మన ఎండలకి ముఖ్యం. ల్యాబ్‌లో 20 నిమిషాలు ఉండే పూత విజయవాడ మే నెలలో కిటికీలు పెట్టని గదిలో, వడగాలికి, అందులో సగం సేపు ఉన్నా గొప్పే. ఎస్1 అని ఉంటే ఆరాక కూడా కొంచెం వంగే గుణం ఉందని, ఎండకి కాగి రాత్రికి చల్లబడే డాబా, బాల్కనీలకి అది తీసుకుంటే మంచిది.

రంగు సంగతి ఒక్క ముక్క: తెల్ల పాలరాయికో గాజు మొజాయిక్‌కో అయితే వైట్, మిగతావాటికి గ్రే చాలు.

ఇక లెక్క. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే, పైగా మోసం చేసేవాడు ఎవడూ ఉండడు. బస్తా మీద "20 కిలోలు, దాదాపు 50 ఎస్ఎఫ్‌టీ" అని ఉంటుంది, పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో 3 ఎంఎం మందానికి అని. 2x4 టైలు 3 ఎంఎం మీద కూర్చోదు. మందం తేల్చేది ట్రోవెల్ పళ్లు, నాచ్ ట్రోవెల్ అని అడిగితే ఇస్తారు, అడెసివ్‌ని దువ్వినట్టు చారలు లాగేది. చారల మీద టైలు పెట్టి నొక్కితే పంటి ఎత్తులో సుమారు సగం మందం మిగులుతుంది. 8 ఎంఎం పళ్లయితే 4, 10 అయితే 5, 12 అయితే 6. గోడకి 1x2 టైల్స్‌కి 8, నేలకి 2x2 అయితే 10, 2x4కి 12 వాడితే సరిపోతుంది.

మామూలు సిమెంట్ అడెసివ్ చదరపు మీటరుకి, ఒక్కో మిల్లీమీటరు మందానికి, సుమారు కిలోన్నర పొడి తింటుంది. మనం చదరపు అడుగుల్లో కొలుస్తాం కాబట్టి చదరపు అడుగుకి, మిల్లీమీటరుకి 140 గ్రాములు, అంటే 0.14 కిలో. గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ఒక్క అంకే: అడుగులు ఇంటూ మందం ఇంటూ 0.14.

12x18 హాలు తీసుకుందాం, 216 అడుగులు, 2x4 టైల్స్. 12 పళ్ల ట్రోవెల్‌కి 6 ఎంఎం. ఇంత పెద్ద టైలుకి వెనకాల కూడా పల్చగా ఒక పూత రుద్దాలి, దానికి ఇంకో ఎంఎం, మొత్తం 7. 216ని 7తో, 0.14తో హెచ్చిస్తే దాదాపు 212 కిలోలు. బకెట్లో మిగిలేది, కింద పడేది కలిపి 10 శాతం వేసుకుంటే 233, అంటే 12 బస్తాలు. బస్తా మీది అంకె పట్టుకుని షాపువాడు చెప్పేది ఐదు. మిగతా ఏడు బస్తాల కోసం పని మధ్యలో ఆపి బండేసుకుని వెళ్లేది మీరే, ఆ రోజు కూలీ కూడా మీదే.

బాత్రూం 5x8 అనుకుంటే చుట్టుకొలత 26, ఏడడుగుల ఎత్తుకి 182, తలుపూ వెంటిలేటరూ తీసేస్తే 161 అడుగులు. 8 పళ్లు, 4 ఎంఎం, 90 కిలోలు. నేల 40 అడుగులకి 5 ఎంఎం చొప్పున 28. పది శాతం కలిపితే 130, ఏడు బస్తాలు.

ఈ లెక్కంతా గచ్చు మట్టంగా ఉంటేనే. ఆరడుగుల అల్యూమినియం బద్ద నేల మీద పెట్టి కింద నుంచి వెలుతురు ఎక్కడ కనిపిస్తుందో చూడండి. పల్లం సగటున 3 ఎంఎం ఉన్నా ఆ హాలుకే ఇంకో 90 కిలోలు, నాలుగున్నర బస్తాలు లేస్తాయి. పల్లాలు ముందే సిమెంట్ ఇసుకతో సరిచేసి, బాగా క్యూరింగ్ చేసి, ఆరనివ్వడం ఎంతో చవక. అడెసివ్‌తో ఎత్తుపల్లాలు పూడ్చడం నెయ్యితో అంట్లు తోమడం లాంటిది. కొత్త గచ్చు, ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగండి. గోడకి పుట్టీ, రంగు, జిప్సం ప్లాస్టర్ ఉంటే గీకించేయాలి, లేకపోతే టైలు పుట్టీని పట్టుకుంటుంది, పుట్టీ గోడని వదిలేస్తుంది.

పని రోజున మేస్త్రితో ముందే మాట్లాడుకోండి, "అన్నా, ఈసారి ముద్దలు వద్దు, పళ్ల ట్రోవెల్‌తోనే" అని. "మాకు తెలీదా సార్" అంటాడు, అనుకోనివ్వండి. బకెట్లో ముందు నీళ్లు, తర్వాత పొడి. నీళ్లు బస్తా మీద రాసినన్నే, కొలిచి పోయాలి. డ్రిల్‌కి మిక్సర్ కడ్డీ తగిలించి మెల్లగా తిప్పి, ఐదు పది నిమిషాలు వదిలేసి, మళ్లీ ఒకసారి తిప్పాలి. గారెల పిండిలా నిలబడాలి, దోసెల పిండిలా జారితే నీళ్లు ఎక్కువైనట్టే. బకెట్లో గట్టిపడుతున్నదాంట్లో నీళ్లు చిలకరించి మళ్లీ కలుపుతుంటే మాత్రం మొహమాటపడకుండా పారబోయించండి.

టైలు వెనక తెల్లటి పౌడర్ అంటుకుని ఉంటుంది, తయారీలో బట్టీకి అతుక్కోకుండా పూసేది. తడి స్పాంజితో తుడిచేయాలి, ఎవరూ తుడవరు. పోర్సెలిన్ టైళ్లని నీళ్లలో నానబెట్టక్కర్లేదు. చారలన్నీ ఒకే వైపుకి లాగాలి, సున్నాలు చుట్టకూడదు, చుడితే మధ్యలో గాలి ఇరుక్కుపోతుంది. ఒకసారి ఐదారు టైళ్లకి సరిపడా మాత్రమే పూయండి. అనుమానం వస్తే పూత మీద వేలు పెట్టండి, వేలికి అంటకపోతే పైన మీగడ కట్టినట్టు, గీకేసి మళ్లీ పూయాల్సిందే.

మొదటి టైలు పెట్టి నొక్కాక వెంటనే పీకించండి. మేస్త్రికి కోపం వస్తుంది, అయినా పీకించండి. వెనకాల మొత్తం తడిసి ఉందా, చారలు చారలుగా ఖాళీలు ఉన్నాయా చూడండి. హాల్లో 80 శాతం, బాత్రూంలో, బయట 95 శాతం అంటుకుని ఉండాలి. లేకపోతే పెద్ద పళ్ల ట్రోవెల్‌కి మారాలి, అప్పుడు బస్తాల లెక్క కూడా మళ్లీ వేసుకోవాలి, అందుకే ఈ పరీక్ష షాపులు తెరిచి ఉన్నప్పుడు, పొద్దున్నే పెట్టుకోండి. మధ్యలో మరో రెండు మూడు చోట్ల ఇలాగే పీకి చూస్తే చాలు. టైళ్ల మధ్య స్పేసర్లు (చిన్న ప్లాస్టిక్ ముక్కలు) పెట్టి 2 ఎంఎం సందు వదలండి, సందు లేకుండా అతికిస్తేనే అందం అన్న మాట వినకండి, ఎండకి టైళ్లు పెరిగి ఒకదాన్నొకటి తోసుకుని లేచిపోతాయి. 24 గంటలు ఎవరినీ తొక్కనివ్వకుండా, ఆ తర్వాతే గ్రౌటింగ్, అంటే సందులు పూడ్చడం.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, చాలా రకాలకి ఏడాదే గడువు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టించండి. కట్టు విప్పని బస్తాలు వెనక్కి తీసుకుంటాడో లేదో డబ్బు కట్టకముందే అడిగి, బిల్లు మీద రాయించుకోండి. తీసుకుంటానంటే ఒక బస్తా ఎక్కువే తెచ్చుకోవచ్చు.