లారీ గేటు దగ్గర ఆగిపోకుండా ఎర్రర్ మెసేజ్‌లు రాయడం ఎలా

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఒక రాత్రి పది గంటలకి 320 రకం పప్పు టిన్నులు ఎక్కించిన లారీ బిల్లు రాక గేటు దగ్గర ఆగిపోయింది. గుమస్తా గారి ఫోన్: "ఏటో ఇంగ్లీషులో వస్తంది బాబూ. ఓకే నొక్కితే మళ్లీ అదే." నా ప్రోగ్రాం ఏ లైనులో ఆగిందో తెరమీద ఉంది. అది నాకు పనికొచ్చే మాట, ఆయనకి కాదు. చూస్తే, పార్టీ జీఎస్టీ నంబరులో ఒక అక్షరం తగ్గింది, అంతే.

అప్పట్నుంచి ఏ ఎర్రర్ మెసేజ్ రాసినా ముందు చూసుకునేది ఒకటే: ఆ కుర్చీలో ఉన్న మనిషి ఇప్పుడు ఏం చేయగలడు?

ఆయన దిద్దగలిగేదైతే ఆ గడి పక్కనే చెప్పండి: "జీఎస్టీ నంబరుకి 15 అక్షరాలుండాలి, 14 ఉన్నాయి." కొట్టిన మిగతా బిల్లు మాత్రం చెరిగిపోకూడదు.

నెట్ పోతే ఆయన చేతిలో ఏమీ లేదు. ప్రోగ్రామే 2 సెకన్లు, 4, 8 అలా ఆగుతూ మళ్లీ పంపాలి. ఇక్కడే జాగ్రత్త: బిల్లు సర్వరుకి చేరి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండొచ్చు. అందుకే మొదటిసారి పంపేముందే ఆ బిల్లుకి మాత్రమే ఉండే ఒక గుర్తు వేయండి. అదే గుర్తు మళ్లీ వస్తే సర్వరు కొత్త బిల్లు చేయకుండా పాత జవాబే ఇవ్వాలి. లేదంటే ఒక్క లారీకి మూడు బిల్లులు తయారవుతాయి.

డిస్కు నిండితే గుమస్తా గారిని కంగారు పెట్టకండి. అది కంప్యూటర్లు చూసే కుర్రాడి పని. పూర్తిగా నిండాక కాదు, పదో వంతు ఖాళీ ఉండగానే అతనికి మెసేజ్ వెళ్లాలి, ఏ ఫోల్డరు ఖాళీ చేయాలో కూడా అందులోనే ఉండాలి. అదీ ఒక్కసారే. ఒకసారి నా ప్రోగ్రాం రాత్రంతా అదే మెసేజ్ పంపితే అతను మ్యూట్‌లో పెట్టేశాడు. మర్నాడు బ్యాకప్ ఆగిపోయిన మెసేజ్ కూడా చూడలేదు. ఆ తప్పు నాదే.

ఇక తప్పు నా కోడ్‌లోనే ఉంటే: "పొరపాటు ప్రోగ్రాందే. బిల్లు సేవ్ అయింది. ఫోన్‌లో 4127 అని చెప్పండి." లాగ్‌లో, అంటే ప్రోగ్రాం ఏం జరిగిందో రాసుకునే ఫైల్లో, అదే నంబరు కింద నాకు కావలసిన ఇంగ్లీషంతా ఉంటుంది. లారీ ఇంజను చప్పుడులో చదివి చెప్పాలి కాబట్టి నాలుగంకెలే. "సేవ్ అయింది" అనే మాట మాత్రం ఫైలు మళ్లీ తెరిచి చూసుకున్నాకే రావాలి. ఆ మాట నమ్మి ఆయన కంప్యూటర్ ఆపేసి ఇంటికెళ్తారు.